లాప్‌టాప్ లేవనప్పుడు: రెస్క్యూ పెన్‌డ్రైవ్ మీద అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ వైపు మనవాళ్లుండే పీజీల్లో ఒకరి లాప్‌టాప్ లేవలేదంటే పక్క గదిలోంచి వెంటనే సలహా వస్తుంది: "ఫార్మాట్ కొట్టేయ్ రా, విండోస్ మళ్లీ వేసేద్దాం." రెస్క్యూ పెన్‌డ్రైవ్ చేతిలో ఉంటే అంత దూరం వెళ్లక్కర్లేదు. డిస్క్‌లో ఉన్న విండోస్‌ను ముట్టుకోకుండా పెన్‌డ్రైవ్‌లోంచి వేరే సిస్టమ్‌ను లేపొచ్చు. ముందు చూడటం, తర్వాత డేటా బయటికి తీయడం, ఆఖరున రిపేరు. ఈ వరస తప్పడం వల్లే చాలా డేటా పోతోంది. వరస తప్పించే అపోహలు ఇవి.

అపోహ: లాప్‌టాప్ నెమ్మదించినా, బూట్ కాకపోయినా ముందు చెక్‌డిస్క్ కొట్టాలి.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. విండోస్‌తో వచ్చే చెక్‌డిస్క్ కమాండ్ పని ఫైల్ సిస్టమ్ లెక్కలు, అంటే ఏ ఫైలు ఎక్కడుందన్న పట్టిక, సరిచేయడం. మీ ఫైళ్లను కాపాడటం దాని పని కాదు. లెక్క కుదరని ఎంట్రీలను అది కత్తిరించేస్తుంది. పైగా ఆర్ ఆప్షన్ ఇస్తే డిస్క్ మొత్తాన్నీ చదువుతుంది. చావుబతుకుల్లో ఉన్న హార్డ్ డిస్క్ మీద అంత బరువు పెడితే మిగిలిన కాస్త ప్రాణం దానికే అయిపోతుంది.

ముందు సిస్టమ్‌రెస్క్యూ అనే లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో లేపి, అందులోని స్మార్ట్‌సీటీఎల్ కమాండ్‌తో డిస్క్ ఆరోగ్యం చూడండి. హార్డ్ డిస్క్ అయితే 5, 197, 198 నంబర్ల వరసలు చూస్తే చాలు. 5 అంటే ఇప్పటికే పక్కన పెట్టేసిన సెక్టార్లు (డేటా దాచే చిన్న గదులు), 197 అంటే చదవలేక పెండింగ్‌లో ఉన్నవి, 198 అంటే సరిచేయలేనివి. 197 ఎదురుగా ఉన్న అసలు విలువ సున్నా కాకపోతే చెక్‌డిస్క్ ఆలోచన పక్కన పెట్టి, డిస్క్‌కు నకలు తీయండి. ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీలో ఈ నంబర్లు ఉండవు. అక్కడ క్రిటికల్ వార్నింగ్, మీడియా అండ్ డేటా ఇంటెగ్రిటీ ఎర్రర్స్ అనే వరసలు చూడాలి.

నకలు తీయడానికి జీఎన్‌యూ డీడీరెస్క్యూ వాడాలి. పాత డిస్క్ ఎంతో కొత్తది అంతే, లేదా అంతకంటే పెద్దది ఉండాలి. ఒక్క సెక్టారు తక్కువైనా చివర కత్తిరింపు తప్పదు కాబట్టి ఎస్‌పీ రోడ్‌లో కొనేటప్పుడే ఒక సైజు పైది తీసుకోండి. కమాండ్ కొట్టే ముందు, డిస్కుల జాబితా చూపే ఎల్ఎస్‌బీఎల్‌కేలో సైజు, మోడల్, సీరియల్ నంబరు మూడూ చూసుకోవాలి. మొదట రాసేది పాత డిస్క్, తర్వాత రాసేది కొత్తది. ఇవి తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి మీ డేటా మీద కూర్చుంటుంది. చివర మ్యాప్ ఫైలు పేరు ఇవ్వండి, ఎంతవరకు చదివిందో అందులో రాసుకుంటుంది. మొదటి విడత డీ, ఎన్ ఆప్షన్లతో నడపండి. తేలిగ్గా వచ్చేదంతా ముందు వచ్చేస్తుంది, మొండి చోట్లను అది గీకకుండా వదిలేస్తుంది. రెండో విడత అదే మ్యాప్ ఫైలుతో, ఎన్ తీసేసి ఆర్3 ఇస్తే మిగిలిన చోట్ల మీద మూడుసార్లు మళ్లీ ప్రయత్నిస్తుంది.

ఆ మ్యాప్ ఫైలు విషయంలోనే చాలామంది దెబ్బతింటారు. సిస్టమ్‌రెస్క్యూలో హోమ్ ఫోల్డరు ర్యామ్‌లో ఉంటుంది. మ్యాప్ ఫైలు అక్కడే పెట్టి రాత్రంతా నడిపాక తెల్లవారుజామున కరెంటు పోతే, ఎంతవరకు చదివిందో ఆ లెక్క కూడా పోతుంది. అందుకే దాన్ని మూడో చోట, అంటే ఇంకో పెన్‌డ్రైవ్ మీద పెట్టాలి. ఆరోగ్యంగా ఉన్న 1 టీబీ డిస్క్ సెకనుకు 100 ఎంబీ చొప్పున చదివితే 2 గంటల 45 నిమిషాల పైన పడుతుంది. దెబ్బతిన్నదానికి రోజులు పట్టవచ్చు. డిస్క్ టక్ టక్ మని కొట్టుకుంటుంటే ఇవేవీ వద్దు. వెంటనే పవర్ తీసేయండి. అది హెడ్ సమస్య, క్లీన్ రూమ్ ఉన్న ల్యాబ్ పని. ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని బాగుచేయదు.

అపోహ: పాస్‌వర్డ్ తెలుసు కదా, లైనక్స్ పెన్‌డ్రైవ్ పెట్టి ఫైళ్లు లాగేయొచ్చు.

డిస్క్ మొత్తాన్నీ ఎన్‌క్రిప్ట్ చేసి తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ లేని రోజుల్లో నిజం. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే, హోమ్ ఎడిషన్‌లో కూడా ఎన్‌క్రిప్షన్ చాలా మెషీన్లలో దానంతటదే ఆన్ అవుతుంది. అప్పుడు పెన్‌డ్రైవ్‌కు కావలసింది లాగిన్ పాస్‌వర్డ్ కాదు, 48 అంకెల రికవరీ కీ. ఆరేసి అంకెల చొప్పున 8 గుంపులుగా ఉంటుంది. సొంత లాప్‌టాప్ అయితే మైక్రోసాఫ్ట్ ఖాతాలోని డివైసుల పేజీలో దొరుకుతుంది. అక్కడ రెండు మూడు కీలు కనిపిస్తే, స్క్రీన్ మీద చూపించే కీ ఐడీ మొదటి 8 అక్షరాలతో పోల్చుకోండి. కంపెనీ లాప్‌టాప్ అయితే కీ ఐటీ డెస్క్ దగ్గర ఉంటుంది. దానికి సొంత పెన్‌డ్రైవ్ పెట్టే పని అసలు పెట్టుకోవద్దు.

2024 జూలై 19, శుక్రవారం నాడు సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ ఇచ్చిన అప్‌డేట్ వల్ల 85 లక్షల విండోస్ మెషీన్లు దెబ్బతిన్నాయని మైక్రోసాఫ్ట్ లెక్క చెప్పింది. మన విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చింది అప్పుడే. విరుగుడు చూస్తే డ్రైవర్స్ ఫోల్డరులో ఒక ఫైలు తీసేయడమే. మైక్రోసాఫ్ట్ దానికోసం బూటబుల్ పెన్‌డ్రైవ్ టూల్ కూడా ఇచ్చింది. అయినా ప్రతి మెషీన్ దగ్గరికీ మనిషి వెళ్లాలి, బిట్‌లాకర్ ఉన్నచోట ఆ 48 అంకెలూ కొట్టాలి. పని సాగదీసింది అదే. మీ కీ ఇవాళే కాగితం మీద రాసి పెట్టుకోండి.

అపోహ: పెన్‌డ్రైవ్ బూట్ కాలేదంటే సెక్యూర్ బూట్ ఆపేయడమే మార్గం.

గుర్తింపు సంతకం లేని బూట్ ప్రోగ్రామ్‌లను అడ్డుకునే రక్షణే సెక్యూర్ బూట్. దాన్ని ఆపగానే పెన్‌డ్రైవ్ లేస్తుంది, నిజమే. కానీ సెక్యూర్ బూట్ స్థితి మారిందని పసిగట్టి బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతుంది. కీ చేతిలో ఉంటేనే ఆపండి. అసలు ఎందుకు లేవలేదో ముందు చూడాలి. కొన్ని కొత్త లాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ థర్డ్ పార్టీ సర్టిఫికెట్‌ను అనుమతించే ఆప్షన్ బయాస్‌లో, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల్లో, ఆఫ్‌లో ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే ఆ సర్టిఫికెట్‌తో సంతకం చేసిన లైనక్స్ పెన్‌డ్రైవ్‌లు లేస్తాయి. అయితే ఈ మార్పుకూ బిట్‌లాకర్ కీ అడగవచ్చు. వెంటాయ్ (చాలా ఐఎస్ఓలను, అంటే ఇన్‌స్టాలర్ ఇమేజ్ ఫైళ్లను, ఒకే పెన్‌డ్రైవ్‌లోంచి లేపే టూల్) అయితే మొదటిసారి నీలం తెర వస్తుంది. అక్కడ ఎన్‌రోల్ కీ ఫ్రమ్ డిస్క్ ఎంచుకుని, వీటీఓవైఈఎఫ్ఐ పార్టిషన్‌లోని కీ ఫైలును ఒక్కసారి చేర్చాలి. ఎస్‌బ్యాట్ సెల్ఫ్ చెక్ ఫెయిల్డ్ అని వచ్చి మెషీన్ ఆగిపోతే మాత్రం కారణం వేరు: మీ పెన్‌డ్రైవ్‌లోని బూట్‌లోడర్ పాతది. 2024 ఆగస్టు విండోస్ అప్‌డేట్ పాత లైనక్స్ బూట్‌లోడర్లను నిషేధించింది. కొత్త ఐఎస్ఓతో పెన్‌డ్రైవ్ మళ్లీ చేసుకోండి, వెంటాయ్ అయితే వెంటాయ్‌నే అప్‌డేట్ చేయండి.

అపోహ: డిస్క్ కనిపించలేదంటే అది పోయినట్టే.

ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి లాప్‌టాప్‌లలో చాలావాటికి బయాస్‌లో వీఎండీ అనే ఇంటెల్ డిస్క్ కంట్రోలర్ సెట్టింగ్ ఆన్‌లో ఉంటుంది. విండోస్ ఇన్‌స్టాలర్‌కూ, పీఈ (పెన్‌డ్రైవ్‌లోంచే నడిచే చిన్న విండోస్) పెన్‌డ్రైవ్‌కూ దాని డ్రైవర్ లేకపోతే డిస్క్ జాబితా ఖాళీగా కనిపిస్తుంది. ఇంటెల్ ఆర్ఎస్‌టీ డ్రైవర్ ఫోల్డరును విప్పి పెన్‌డ్రైవ్‌లో ఉంచుకుని, లోడ్ డ్రైవర్ నొక్కి చూపిస్తే డిస్క్ వచ్చేస్తుంది. లైనక్స్ కెర్నెల్‌లో వీఎండీ డ్రైవర్ ముందే ఉంటుంది కాబట్టి పీఈలో కనపడని డిస్క్ ఒక్కోసారి సిస్టమ్‌రెస్క్యూలో కనిపిస్తుంది. బయాస్‌లో వీఎండీ ఆపేసి అలాగే మరిచిపోతే, పాత విండోస్ ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్ అని నీలం తెర చూపిస్తుంది.

అపోహ: డిలీట్ అయినా, ఫార్మాట్ అయినా రికవరీ టూల్ తెచ్చేస్తుంది.

హార్డ్ డిస్క్‌లో, దానిమీద ఇంకేమీ రాయకపోతే ఆశ ఉంది. ఎస్ఎస్‌డీలో డిలీట్ చేసిన వెంటనే, ఆ చోట్లు ఇక అక్కర్లేదని చెప్పే ట్రిమ్ ఆదేశాన్ని విండోస్ పంపుతుంది. ఆ చోట్లను డ్రైవ్ తనంతట తానే ఖాళీ చేసుకుంటుంది. ఆ తర్వాత ఏ టూల్‌కైనా చాలావరకు సున్నాలే చేతికొస్తాయి. అందుకే తప్పు జరిగిన క్షణమే మెషీన్ ఆపేయాలి. పార్టిషన్ పోతే టెస్ట్‌డిస్క్, ఫైళ్లు పోతే ఫొటోరెక్. ఫొటోరెక్‌లో ఫైళ్ల పాత పేర్లు రావు. ఎఫ్ అక్షరం వెనక అంకెలతో వేల ఫైళ్లు వచ్చి పడతాయి. తీసిన ఫైళ్లను అదే డిస్క్ మీద ఎప్పుడూ సేవ్ చేయకండి.

అపోహ: ఫిక్స్‌బూట్ కొడితే విండోస్ లేస్తుంది.

ఫిక్స్‌బూట్ విండోస్ రికవరీలో కొట్టే బూట్ రిపేరు కమాండ్. యూఈఎఫ్ఐతో (పాత బయాస్ బదులు వచ్చినది) నడిచే ఇప్పటి మెషీన్లలో అది తరచూ యాక్సెస్ ఈజ్ డినైడ్ అంటుంది. అక్కడ పనిచేసేది బూట్ ఫైళ్లను మళ్లీ రాసే బీసీడీబూట్. పార్టిషన్లు చూపే డిస్క్‌పార్ట్ కమాండ్‌లో వాల్యూమ్‌ల జాబితా తీసి, 100 ఎంబీ చుట్టుపక్కల ఉండే ఫ్యాట్32 పార్టిషన్‌ను ఎంచుకుని దానికి ఎస్ అక్షరం ఇవ్వండి. తర్వాత విండోస్ ఫోల్డరు దారి, ఎస్ డ్రైవ్, ఎఫ్ ఆప్షన్‌కు యూఈఎఫ్ఐ అని ఇచ్చి బీసీడీబూట్ నడపండి. రికవరీలో సీ డ్రైవ్ పేరు డీ అనో ఈ అనో మారిపోయి ఉండవచ్చు. యూజర్స్ ఫోల్డరు ఏ అక్షరం కింద ఉందో చూశాకే దారి రాయాలి.

అపోహ: పాస్‌వర్డ్ రీసెట్ టూల్ అన్ని ఖాతాలకూ పనిచేస్తుంది. లోకల్ ఖాతాలకే. ఆ ఖాతాలో ఈఎఫ్ఎస్‌తో (విండోస్‌లో విడి ఫైళ్లకు వేసే తాళం) ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైళ్లుంటే, రీసెట్ చేశాక అవి తెరుచుకోవు.

అపోహ: అదే పెన్‌డ్రైవ్ మ్యాక్‌కూ సరిపోతుంది. ఎం1, ఆ తర్వాతి యాపిల్ చిప్‌ల మ్యాక్‌లు వీటితో లేవవు.

అపోహ: ఒకసారి చేసిపెట్టుకుంటే ఎప్పటికీ ఉంటుంది.

2011 నాటి సెక్యూర్ బూట్ సర్టిఫికెట్ల గడువు తీరేది 2026 జూన్ నుంచి. వాటి స్థానంలో 2023 నాటివి వస్తాయి. గడువు తీరినంత మాత్రాన పాత పెన్‌డ్రైవ్ ఆ రోజే ఆగిపోదు. పాత సర్టిఫికెట్‌ను నిషేధిత జాబితాలో చేర్చిన మెషీన్‌లో మాత్రం లేవదు. ఆరు నెలలకోసారి ఐఎస్ఓలు మార్చండి, దించుకున్న ప్రతిదానికీ షా256 (ఫైలు చెడలేదని తేల్చే సంకేతం) సరిచూడండి. 32 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి చాలు: విండోస్ ఐఎస్ఓ, సిస్టమ్‌రెస్క్యూ, డిస్క్ నకలు తీసే క్లోన్‌జిల్లా, ర్యామ్ పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్, ఇంటెల్ డ్రైవర్ ఫోల్డరు అన్నీ పడతాయి. ఫుట్‌పాత్ మీద చవగ్గా దొరికిందైతే వెంటాయ్ వేసే ముందు హెచ్2టెస్ట్‌డబ్ల్యూతో నిండా రాయించి చదివించండి. 32 అని రాసి లోపల 8 జీబీ ఉన్నవి ఐఎస్ఓ కాపీ అయ్యేటప్పుడు ఏమీ చెప్పవు, బూట్ అయ్యేటప్పుడు మధ్యలో ఆగిపోతాయి.