సంతకం వాళ్లది, నిర్ణయం ఎవరిది?

పిల్లలూ,

మొన్న ఫోన్లో మీలో ఒకరు అడిగారు కదా, "బీదవాళ్లకి ఇళ్లు కట్టించి ఇచ్చేస్తే అయిపోతుంది కదా తాతయ్యా, మధ్యలో వాళ్లతో మీటింగులెందుకు?" అని. మంచి ప్రశ్నే. అప్పుడు చెబుదామంటే మీ అమ్మ అన్నానికి పిలిచేసింది. అందుకే ఈ ఉత్తరం.

యూరప్‌లో రోమా అనే జనం ఉన్నారు. "జిప్సీలు" అని మీరు విని ఉంటారు. వాళ్లలో చాలామందికి ఆ మాట తిట్టులా తగులుతుంది, మనం వాడొద్దు. దాదాపు వెయ్యేళ్ల కిందట ఉత్తర భారతం నుంచి పడమటికి వెళ్లినవాళ్ల సంతతి. వాళ్ల రోమానీ భాష హిందీకి దూరపు చుట్టం. యూరప్ మొత్తమ్మీద కోటి మందికి పైనే ఉంటారని అంచనా. ఇప్పటి రుమేనియాలోని కొన్ని ప్రాంతాల్లో 1850ల దాకా వాళ్లని బానిసలుగా కొన్నారు, అమ్మారు. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు లక్షల మందిని చంపారు. ఇంత చూసినవాళ్లు, ఎవరో ఆఫీసరు కాగితాలు పట్టుకుని వస్తే "రండి, కూర్చోండి" అంటారా?

కాగితాలంటే గుర్తొచ్చింది. చెక్ దేశంలో ఓస్ట్రవా అనే ఊరుంది. 1990ల్లో అక్కడి రోమా పిల్లల్ని సగం మందిని బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల కోసం పెట్టిన ప్రత్యేక బడుల్లో వేశారు. మిగతా పిల్లలతో పోలిస్తే రోమా పిల్లలు ఆ బడికి చేరే అవకాశం 27 రెట్లు ఎక్కువ. పిల్లలకేమీ లోపం లేదు, వాళ్లకి పెట్టిన పరీక్షల్లోనే ఉంది లోపం. "తల్లిదండ్రులు ఒప్పుకునే సంతకాలు పెట్టారు" అంది ప్రభుత్వం. 18 మంది పిల్లల తరఫున కేసు స్ట్రాస్‌బర్గ్‌లోని యూరప్ మానవ హక్కుల కోర్టుకి వెళ్లింది. 2007 నవంబరులో పిల్లలే గెలిచారు. ఆ సంతకాల సంగతీ కోర్టు చూసింది. ముందే నింపేసిన ఫారం మీద పెట్టించినవి. వేరే బడికి పంపొచ్చని గాని, ఈ బడికీ మామూలు బడికీ తేడా ఏమిటని గాని అందులో ఒక్క ముక్క లేదు. ఇక ఆ తల్లి ఒప్పుకున్నది దేనికి?

మీటింగులెందుకన్న దానికి సగం జవాబు అదే. రెండో సగం రుమేనియాలో దొరుకుతుంది. అక్కడ రోమా వాడలకి డాక్టర్లు సరిగా వెళ్లేవారు కాదు, వాడవాళ్లూ ఆసుపత్రి గడప తొక్కడానికి జంకేవారు. రోమాల సంఘమొకటి ఒక ఉపాయం చేసింది. వాడలోని ఆడమనిషికే శిక్షణ ఇచ్చి, మధ్యవర్తిగా పెట్టింది. ఎవరికి నెలలు నిండాయో, ఏ పిల్లాడికి టీకా పడలేదో, ఎవరికి పుట్టిన కాగితమే లేదో ఆమెకి తెలుసు. ఆడవాళ్లు మగ ఉద్యోగితో చెప్పుకోలేనివి ఆమెతో చెబుతారు. ఆసుపత్రికి తోడు వెళ్తుంది, అక్కడ ఎవరైనా విసుక్కుంటే నిలబడి మాట్లాడుతుంది. 2002లో ఆరోగ్య శాఖ ఆ పనిని అధికారికంగా తీసుకుంది. మన ఆశా అక్కలు చేసేది కూడా ఇంచుమించు ఇదే కదా.

ఇళ్ల సంగతి అడిగారుగా. స్లొవేకియాలో కోషిత్సే పట్టణానికి దగ్గర్లో రాంకోవ్‌ట్సే అనే పల్లె ఉంది. అక్కడ ఇళ్లు కట్టి తాళాలు చేతిలో పెట్టలేదు. నెలనెలా కొంత దాచిన కుటుంబానికి చిన్న రుణం ఇచ్చారు. మేస్త్రీ పక్కనుండి నేర్పిస్తుంటే ఆ ఇంటివాళ్లే గోడలు లేపారు. మన పొదుపు సంఘాల అక్కలకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. నేల ఎవరి పేరున ఉందో ముందు తేల్చుకోవాలి, ఏ చిక్కైనా అక్కడే. ఆ దేశంలో చాలా రోమా వాడలు ఉన్న నేల వాళ్లది కాదు.

ఇందులో నాకు నచ్చనిదీ ఉంది. నెలకి ఒక్క యూరో కూడా మిగలనివాళ్లు ఇలాంటి పథకం బయటే ఉండిపోతారు. అసలు బీదవాళ్లు వాళ్లేగా! పైగా మీటింగంటే కూలి పోతుంది. వాడలో గొంతున్న మగవాళ్లు నలుగురు మాట్లాడి, ఆడవాళ్లు వెనక నిలబడితే "అందర్నీ అడిగాం" అని రాసుకోవడం ఎక్కడైనా జరిగేదే.

దానికి మన పల్లెల్లో ఒక మంచి పద్ధతి పుట్టింది. 1980ల చివర్లో దక్షిణాది ఊళ్లలో జనాన్నే నేల మీద ముగ్గుపిండితో ఊరి పటం గియ్యమన్నారు. ముగ్గంటే ఆడవాళ్ల చెయ్యి ముందుంటుంది కదా! ఏ బోరు ఎండిందో, ఏ వీధికి కాలువ లేదో వాళ్లే గీశారు. రాబర్ట్ చాంబర్స్ అనే ఇంగ్లండు పండితుడు ఇలాంటి పద్ధతుల గురించి రాసి ప్రపంచమంతా తిప్పాడు.

మన దగ్గర్నుంచి రోమాల దాకా వెళ్లినది ఇంకొకటి ఉంది. హంగరీలో షాయోకజా అనే ఊళ్లో రోమా పిల్లల కోసం 2007లో ఒక హైస్కూలు పెట్టారు. దాని పేరు డాక్టర్ అంబేడ్కర్ స్కూలు. పెట్టినవాళ్లలో ఒకాయన యానోష్ ఓర్షోష్, ఆయనా రోమానే. అంబేడ్కర్‌ని చదివి, ఇది మా కథే అనుకున్నారట. వాళ్ల సంఘం పేరేమిటో తెలుసా? జై భీమ్!

అట్లాసులో షాయోకజా దొరక్కపోతే దగ్గర్లోని పెద్ద ఊరు మిష్కోల్ట్స్‌ కోసం చూడండి, దానికి వాయవ్యంగా ఉంటుంది.

మీ తాతయ్య