నల్లమల గోడు హైదరాబాద్ చేరడానికి ఎన్నాళ్లు పట్టింది

నల్లమలలో యురేనియం కోసం వెతకొద్దు, తవ్వొద్దు అని 2019 సెప్టెంబర్ 16న తెలంగాణ శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. అంతకు ముందు కొన్ని వారాలుగా తెలుగువాళ్ల ఫోన్లలో ‘సేవ్ నల్లమల’ అనే మాట తిరుగుతూనే ఉంది. అందుకే చాలామంది ఇది సోషల్ మీడియా సాధించిన గెలుపు అన్నారు. అందులో నిజం ఉంది. అది ఎంతవరకు నిజమో తెలియాలంటే మాత్రం ఫోన్లు లేని కాలం నుంచి మొదలుపెట్టాలి. దక్షిణ తెలంగాణలో ఒక ఊరి బాధ ఆ ఊరి పొలిమేర దాటడానికి ఏనాడూ తక్కువ కాలం పట్టలేదు.

నిజాం పాలనలో తెలుగులో పత్రిక నడపడమే పెద్ద సాహసం. 1922లో షబ్నవీసు వెంకట రామ నరసింహారావు నల్గొండ నుంచి ‘నీలగిరి’ పత్రిక తెచ్చారు. 1926లో పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి హైదరాబాద్‌లో ‘గోలకొండ పత్రిక’ మొదలుపెట్టారు. అనుమతి లేనిదే సభ పెట్టకూడదనే గస్తీ నిషాన్ 53 అమల్లో ఉన్న రోజులవి. అలాంటప్పుడు 1931లో దేవరకొండలో, నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ల సంస్థ ఆంధ్ర మహాసభ రెండో సమావేశం జరిగింది. పత్రిక ఊళ్లోకి వస్తే చదువు వచ్చినవాడు పైకి చదివేవాడు, మిగతావాళ్లు చుట్టూ కూర్చుని వినేవాళ్లు. వెట్టి గురించి, భూమి గురించి పక్క తాలూకాలో ఏం జరుగుతోందో తెలియడానికి అదే దారి.

స్వాతంత్ర్యం వచ్చాక ఆ దూరం తగ్గి ఉండాలి. తగ్గలేదనడానికి ఫ్లోరైడ్ కథ ఒక్కటే చాలు.

నల్గొండ జిల్లా నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని 1940ల్లోనే గుర్తించారు. లీటరు నీళ్లలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. మొదట పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు వస్తాయి. తర్వాత కాళ్లు వంకరపోతాయి, వెన్ను బిగుసుకుపోతుంది. ఒకసారి ఎముక వంగితే మళ్లీ మామూలు కాదు. 1970ల్లో నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తీసే పద్ధతి కనిపెట్టి, దానికి ‘నల్గొండ టెక్నిక్’ అని పేరు పెట్టింది. అలా మా జిల్లా పేరు ప్రపంచంలో నీళ్ల మీద రాసే పుస్తకాలన్నింట్లోకీ ఎక్కింది. మర్రిగూడలో మాత్రం జనం అవే బోరు నీళ్లు తాగారు. పత్రికల్లో ఫొటోలు వచ్చేవి. వంగిన వెన్ను కనిపించేది, కింద మనిషి పేరు ఉండేది కాదు. ఆ మనిషి ఏమంటున్నాడో అసలే ఉండేది కాదు.

బ్యాంకు ఉద్యోగం వదిలేసి వచ్చిన దుశ్చర్ల సత్యనారాయణ జలసాధన సమితి పెట్టి ఏళ్ల తరబడి ఊరూరా తిరిగారు. ధర్నాలు చేశారు, వినతిపత్రాలు ఇచ్చారు. దేశమంతా ఇటు చూసేలా చేయాలని 1996 లోక్‌సభ ఎన్నికల్లో సమితి తరఫున వందల మంది నామినేషన్లు వేశారు. చివరికి నల్గొండ బరిలో 480 మంది మిగిలారు. బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడింది. తమిళనాడులోని మొడకురిచ్చి అసెంబ్లీ స్థానంలో అదే ఏడాది వెయ్యిమందికి పైగా రైతులు పోటీ చేశారు. ఆ తర్వాత కొద్ది నెలలకే చట్టం మారింది. లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్ 500 నుంచి 10,000 రూపాయలకు పెరిగింది. స్వతంత్ర అభ్యర్థిని పదిమంది ఓటర్లు ప్రతిపాదించాలన్నారు. నీళ్ల కంటే ముందు చట్టం వచ్చింది. ఇది గుర్తొచ్చినప్పుడల్లా నాకు కడుపులో మండుతుంది. జనం తమ గోడు వినిపించడానికి దొరికిన ఒక్క దారినీ అంత తొందరగా మూసేశారు.

యురేనియం పేరు ఈ జిల్లాలో మొదట గట్టిగా వినపడింది 2003లో. నాగార్జునసాగర్ జలాశయం దగ్గరున్న లంబాపూర్, పెద్దగట్టు ప్రాంతంలో గనులు తవ్వుతామని యురేనియం కార్పొరేషన్ ముందుకొచ్చింది. అప్పటి నిబంధన ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు నెల రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి, గని వల్ల పర్యావరణానికి ఏమవుతుందో చెప్పే నివేదిక సారాంశం ప్రభుత్వ ఆఫీసుల్లో ఉంచాలి. తండాలో ఉండే లంబాడా రైతు నల్గొండ కలెక్టరేట్‌కు పోయి ఆ కాగితం చదవాలన్నమాట. పోవాలంటే ఒకరోజు కూలి పోతుంది. చదవాలంటే చదువు కావాలి. కార్యకర్తలే ఆ కాగితాలు తెచ్చి, విప్పి చెప్పి, జార్ఖండ్‌లో యురేనియం గనులున్న జాదుగూడలో ఏం జరిగిందో వివరిస్తూ తండా తండాకు తిరిగారు. ఆ ఆగస్టులో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో జనం వద్దన్నారు. 2005లో దేవరకొండ దగ్గర శేరిపల్లిలో యురేనియం శుద్ధి కర్మాగారం కోసం మళ్లీ ప్రజాభిప్రాయ సేకరణ పెడితే మళ్లీ వద్దన్నారు. గనుల పని మొదలుకాలేదు. కంపెనీ తర్వాత కడప జిల్లా తుమ్మలపల్లెలో గని తెరిచింది. ఇంత పెద్ద పోరాటం జరిగినా హైదరాబాద్‌లో దాని గురించి తెలిసినవాళ్లు తక్కువ. ఇప్పుడు ఇంటర్నెట్‌లో వెతికితే ఆనాటి తెలుగు వార్తలు దొరకడం కష్టం. అప్పట్లో ఏ పత్రిక ఫాంటు ఆ పత్రికదే. ఒకచోట టైపు చేసింది ఇంకోచోట తెరిస్తే పిచ్చి గీతలు కనిపించేవి.

ఆ తర్వాత పదేళ్లలో చాలా మారింది. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. 2006లో ఉపాధి హామీ మొదలైనప్పుడు మహబూబ్‌నగర్, నల్గొండ రెండూ మొదటి విడత జిల్లాల్లో ఉన్నాయి. ఎవరికి ఎన్ని రోజుల పని, ఎంత కూలి అనేది వెబ్‌సైట్‌లో పెట్టారు, సామాజిక తనిఖీల్లో గ్రామసభ ముందు చదివి వినిపించారు. ‘పాలమూరు లేబర్’ అని దేశమంతా పిలిపించుకున్న కూలీలు తమ పేరు మీద రాసిన లెక్కను తామే అడగడం అప్పుడు అలవాటైంది. యూనికోడ్‌తో తెలుగు అన్ని కంప్యూటర్లలోనూ ఒకేలా కనిపించింది. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చాక డేటా చవకైంది. అచ్చంపేట కుర్రాడి చేతిలోకి కెమెరా, పత్రిక, పోస్టాఫీసు మూడూ ఒకేసారి వచ్చాయి.

2019 మేలో కేంద్ర పర్యావరణ శాఖలోని అటవీ సలహా కమిటీ నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో యురేనియం అన్వేషణకు సూత్రప్రాయంగా ఒప్పుకుంది. విస్తీర్ణం 83 చదరపు కిలోమీటర్లు. తవ్వే బోరు రంధ్రాలు నాలుగు వేలు. ఇలాంటి కమిటీల మినిట్స్ మంత్రిత్వ శాఖ వెబ్‌సైట్‌లో పెడతారు. 2003లో అయితే కలెక్టరేట్ బీరువాలో ఉండిపోయే కాగితం ఈసారి ఢిల్లీలో పెడితే అమ్రాబాద్‌లో తెరుచుకుంది. ఎవరో చదివారు, ఎవరో తెలుగులో రాశారు, మిగతావాళ్లు గ్రూపుల్లో పంపారు. ఆన్‌లైన్ పోరాటం అంటే ముందు హ్యాష్‌ట్యాగ్ గుర్తొస్తుంది. నా దృష్టిలో అసలు మలుపు ఆ కాగితం చదవడమే.

రెండో మలుపు నీళ్ల మాట. నల్లమల వాగులు డిండిలో, కృష్ణలో కలుస్తాయి. అవి సాగర్‌కు చేరతాయి. హైదరాబాద్ నల్లాల్లో వచ్చే వాటిలో చాలా భాగం ఆ సాగర్ నీళ్లే. ఈ సంగతి ఒక చిన్న మ్యాప్‌తో చెప్పేసరికి అడవి ఎప్పుడూ చూడనివాళ్లకు కూడా టెన్షన్ పట్టుకుంది. శేఖర్ కమ్ముల, విజయ్ దేవరకొండ, పవన్ కల్యాణ్ లాంటివాళ్లు మాట్లాడాక టీవీ ఛానళ్లు ఇటు తిరిగాయి. ఫ్లోరైడ్ విషయంలో యాభై ఏళ్లు పట్టిన దూరం ఇక్కడ నాలుగు నెలల్లో కరిగిపోయింది.

అయితే ఈ నాలుగు నెలలూ ఫోన్లలోనే గడవలేదు. పదర, అమ్రాబాద్, మన్ననూరు వైపు జనం దీక్షలు చేశారు, బంద్ పాటించారు, సర్వే వాళ్లేమోనని కొత్త బండ్లను ఆపి అడిగారు. పనులు మానుకుని రోడ్డు మీద కూర్చున్నది వాళ్లు. వాళ్లు కూర్చోకపోతే వీడియోలో చూపించడానికి ఏమీ ఉండేది కాదు. వీడియో లేకపోతే వాళ్లు కూర్చున్న సంగతి జిల్లా పేజీ దాటేది కాదు. ఈ రెండింట్లో ఏది గొప్ప అని వాదించుకోవడం నాకు సరైన పనిగా అనిపించదు.

నన్ను వదలని సంగతి ఇంకొకటి ఉంది. ఆ అడవి చెంచులది. లోపలి పెంటల్లో, అంటే చెంచుల గూడేల్లో, చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. వాళ్ల పేరు మీద దేశమంతా పోస్టులు పెడుతున్నప్పుడు అందులో ఏం రాశారో వాళ్లలో చాలామంది చూడలేదు. చెంచు పెద్దమనిషి చెప్పిన మాటను వీడియో తీసిన కుర్రాడు సిగ్నల్ ఉన్న చోటికి వచ్చి అప్‌లోడ్ చేయాల్సిందే. ఎంత ఉంచాలి, ఎంత తీసేయాలి అనేది అక్కడ ఆ కుర్రాడే తేలుస్తాడు. ఫ్లోరైడ్ ఫొటోల కింద పేరు లేకపోవడం లాంటిదే ఇదీ.

ఇప్పుడు అదే అడవిలో ఇంకో ప్రశ్న నడుస్తోంది. పులుల కోర్ ఏరియా నుంచి సార్లపల్లి, కుడిచింతలబైలు లాంటి ఊళ్లను బయటికి తరలించే పని. వెళ్లే కుటుంబానికి 15 లక్షల రూపాయలు ఇస్తామంటున్నారు. బడి, ఆసుపత్రి దగ్గరవుతాయని వెళ్లడానికి ఇష్టపడినవాళ్లు ఉన్నారు. తేనె, గడ్డలు, దేవుడు అన్నీ ఇక్కడే ఉన్నాయి, పోయేది లేదన్నవాళ్లూ ఉన్నారు. చట్టం ప్రకారం ఈ తరలింపు వాళ్లు మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే జరగాలి, గ్రామసభ ఒప్పుకోవాలి. అడవిని కాపాడాలని 2019లో రాసిన చేతులు ఈ విషయంలో అంతగా కదలడం లేదు. అప్పుడు ప్రమాదం మన నల్లాలోకి వస్తుందన్నారు, ఇప్పుడు పోయేది వాళ్ల ఇల్లు మాత్రమే.

యురేనియం కాగితం ఢిల్లీ వెబ్‌సైట్‌లో ఉండబట్టి అందరం చదవగలిగాం. ఈ ఒప్పుకోలు కాగితం పంచాయతీ రిజిస్టర్‌లో ఉంటుంది. అందులో ఏం రాశారో, ఎవరెవరు వేలిముద్ర వేశారో, వేసేముందు వాళ్లకు ఎవరైనా చదివి వినిపించారో లేదో తెలుసుకోవాలంటే ఇప్పటికీ మన్ననూరులో బస్సు దిగి లోపలికి పోవాల్సిందే.