కొబ్బరి ఆకు అడుగున ఉన్న పురుగు పేరేంటి?

వరి రైతుకు సుడిదోమ గురించి చెప్పక్కర్లేదు. దాని చుట్టాలు కొబ్బరి, తాటి చెట్ల మీద కూడా బతుకుతాయన్న సంగతి మాత్రం మన విశాఖలో తోటలున్నవాళ్లకే పెద్దగా పట్టదు. ఆకు అడుగున రసం పీల్చే నాలుగైదు మిల్లీమీటర్ల ప్రాణిని ఎవరు చూస్తారు?

చూడక తప్పని పరిస్థితి ముందుగా అమెరికా ఖండంలో వచ్చింది. జమైకాలో దొరికిన, సుడిదోమకు చుట్టమైన ఒక లేత రంగు పురుగుకు 1907లో వాన్ డ్యూజీ అనే కీటక శాస్త్రవేత్త పేరు పెట్టారు. పాత పుస్తకాల్లో అది మిండస్ క్రూడస్, ఇప్పుడు హాప్లాక్సియస్ క్రూడస్. 1970లలో ఫ్లోరిడాలో కొబ్బరి చెట్లు కాయలు రాల్చి, ఆకులు పసుపెక్కి, మొవ్వు కుళ్లి పెద్ద ఎత్తున చచ్చిపోయాయి. కారణం ఫైటోప్లాస్మా, అంటే కణానికి గోడ లేని ఒక రకం బ్యాక్టీరియా. దాన్ని మోసేది ఈ పురుగేనని 1983లో గాని రుజువు కాలేదు. పేరు పెట్టిన 76 ఏళ్లకు! ఇంకో సంగతి, దీని పిల్లలు పెరిగేది కొబ్బరి మీద కాదు, గడ్డి వేళ్ల దగ్గర. జాతి ఏదో తెలిస్తేనే తోటలో ఏ గడ్డి ఉండకూడదో తెలుస్తుంది. అందుకే పేర్లు పెట్టే పనిని నేను కాలక్షేపం అనుకోను.

మన దేశంలోనూ ఇదే వరస. ప్రౌటిస్టా మోయెస్టా అనే మరో సుడిదోమ చుట్టానికి 1851లోనే వెస్ట్‌వుడ్ అనే కీటక శాస్త్రవేత్త పేరు పెట్టారు. కేరళ కొబ్బరి వేరు తెగులు 1882 వరదల తర్వాత బయటపడింది. ఆ తెగులును ఈ పురుగు మోస్తుందన్న లంకె దొరికేసరికి వందేళ్లు దాటాయి. మనకు దగ్గర్లో, 1949 తుపాను తర్వాత కోనసీమలో కనిపించిన కొబ్బరి తెగులుకు తాటిపాక ఊరి పేరే స్థిరపడింది.

కొత్త జాతి అని తేల్చడం ఓపికతో కూడిన పని. రెక్కల ఈనెలు, తల ఆకారం చూస్తే కుటుంబం తెలుస్తుంది. జాతి తెలియాలంటే మగ పురుగు పొట్ట చివరి భాగాన్ని వేరు చేసి, క్షారంలో శుభ్రం చేసి, మైక్రోస్కోప్ కింద జననాంగాల ఆకారం పరిశీలించాలి. ఆడవే దొరికితే చాలాసార్లు పని అక్కడే ఆగిపోతుంది. 2003 నుంచి డీఎన్ఏ బార్‌కోడ్, అంటే డీఎన్ఏలోని ఒక చిన్న ముక్కను చదివి జాతిని గుర్తించే పద్ధతి, తోడైంది. కోస్టారికాలో తాటి కుటుంబపు చెట్ల మీద ఫ్లోరిడా, డెలావేర్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఈ రెండు దారులూ కలిపి ఇటీవలి ఏళ్లలో వరసగా కొత్త జాతులను వర్ణించారు.

మనకు తీరంలో కొబ్బరి, మెట్టలో తాటి, ఈత, మన్యంలో కల్లు గీసే జీలుగు ఉన్నాయి. 2014లో హుద్‌హుద్ కూల్చిన చోట్ల కొత్త మొక్కలూ పెరిగాయి. తెగులు వచ్చాక వెతకడం కన్నా, ఈ చెట్ల మీద ఏ దోమలు ఉన్నాయో ఇప్పుడే పట్టి, ఆల్కహాల్ సీసాల్లో ఊరు, తేదీ, చెట్టు పేరు రాసి దాచాలి. మొదలుపెట్టడానికి ఒక వల, ఒక భూతద్దం చాలు.