ఎనిమిదో నెల బిడ్డ ఊపిరి

"ఏడో నెలలో పుట్టినోడు బతుకుతాడు, ఎనిమిదో నెలలో పుట్టినోడు బతకడు." ఉదయగిరి వైపు పల్లెల్లో పెద్దవాళ్ల నోట ఈ మాట ఇప్పటికీ వింటాం. ఇది నిజం కాదు. కడుపులో గడిచే ప్రతి వారమూ బిడ్డకు బలమే. 37 వారాలు నిండకుండా పుట్టే బిడ్డలకు పెద్ద గండం ఊపిరితిత్తుల దగ్గరే.

తడిసిన ప్లాస్టిక్ కవరు తెరవబోతే రెండు పొరలూ అంటుకుపోయి ఓ పట్టాన విడిరావు కదా. ఊపిరితిత్తుల్లోని గాలిగదుల లోపల కూడా సన్నటి నీటిపొర ఉంటుంది. అవి ముడుచుకుపోకుండా సర్ఫాక్టెంట్ అనే జిడ్డు పదార్థం కాపాడుతుంది. దాదాపు 34 వారాలు దాటితేగానీ అది చాలినంత ఊరదు. అది లేని బిడ్డకు ప్రతి శ్వాసా మొదటి శ్వాసంత కష్టం. అందుకే మూలుగుతుంది. ఆ మూలుగు ఏడుపు కాదు, లోపలి గాలి మొత్తం పోకుండా గొంతు బిగించి ఆపుకోవడం. గుప్పెడంత ప్రాణం తనకు తానే చేసుకునే వైద్యం అది!

ఈ లోపాన్ని 1959లో పట్టుకున్నది అమెరికా శిశువైద్యురాలు మేరీ ఎలెన్ ఏవరీ. ఊపిరాడక చనిపోయిన పసికందుల ఊపిరితిత్తుల్లో నీటిపొర లాగుడును, అంటే తలతన్యతను, తగ్గించే ఆ పదార్థం లేదని జెరె మీడ్‌తో కలిసి చూపించింది. అయినా మందు రావడానికి ఏళ్లు పట్టింది. 1963లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ కొడుకు పాట్రిక్ ఇదే జబ్బుతో 39 గంటలకే కన్నుమూశాడు. 1980లో జపాన్ వైద్యుడు ఫుజివారా ఆవు ఊపిరితిత్తుల నుంచి తీసిన సర్ఫాక్టెంట్‌ను పసివాళ్ల శ్వాసనాళంలోకి పంపి ప్రాణాలు నిలిపాడు.

నన్ను ఎక్కువగా కదిలించేది మాత్రం ఒక గొర్రెపిల్ల కథ. న్యూజిలాండ్‌లో లిగిన్స్ అనే వైద్యుడు కాన్పు నొప్పుల మీద పరిశోధన చేస్తూ కడుపులోని పిల్లకు స్టెరాయిడ్ ఎక్కించాడు. బతకనంత ముందుగా పుట్టిన ఆ పిల్ల ఊపిరి తీసింది! 1972లో ఆయన, శిశువైద్యుడు హోవీ కలిసి, కాన్పుకు ముందు తల్లికి ఆ ఇంజెక్షన్ ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులు బలపడతాయని రుజువు చేశారు.

ఉదయగిరి నుంచి నెల్లూరు పెద్దాసుపత్రికి రెండు గంటల పైమాటే. 34 వారాల లోపే నొప్పులొస్తే, పంపేముందే ఆ ఇంజెక్షన్ మొదటి డోసు ఇవ్వడానికి 2014 కేంద్ర మార్గదర్శకాలు ఏఎన్ఎంకు వీలు కల్పించాయి. కానీ నెలల లెక్క తప్పితే అక్కర్లేని తల్లికి మందు పడుతుంది. అందుకే నెలల లెక్క సరిగ్గా చెప్పే, మూడో నెల లోపు తీయించిన స్కానింగ్ కాగితం, నొప్పులతో 108 ఎక్కే తల్లి చేతిలో ఉండాలి.