శిక్ష పేరుకా, చేసిన పనికా?

క్రీ.శ. 112 ప్రాంతంలో, నల్లసముద్రపు దక్షిణ తీరాన బిథీనియా-పాంటస్ అనే రోమన్ రాష్ట్రానికి గవర్నరుగా ఉన్న ప్లినీ, ట్రాజన్ చక్రవర్తికి ఒక ఉత్తరం రాశాడు. క్రైస్తవులన్న ఆరోపణ మీద మనుషులను తన ముందుకు తెస్తున్నారనీ, ఇటువంటి విచారణల్లో తాను ఇంతకు ముందెన్నడూ పాల్గొనలేదు కాబట్టి ఏం చేయాలో పాలుపోవడం లేదనీ అందులో చెప్పుకున్నాడు. అతడు అడిగిన ప్రశ్నల్లో ఒకటి పంతొమ్మిది వందల ఏళ్లు దాటినా పాతబడలేదు. ఏ నేరమూ చేయకపోయినా ఆ పేరు ఉన్నందుకే శిక్షించాలా, లేక ఆ పేరుతో ముడిపడి ఉన్నాయని చెబుతున్న నేరాలను శిక్షించాలా?

అడిగినవాడు దయాళువు కాదు. మూడుసార్లు అడిగినా తాము క్రైస్తవులమేనని చెప్పినవారిని అప్పటికే వధకు పంపించాడు. వాళ్ల సమావేశాల్లో ఏం జరుగుతుందో రాబట్టడానికి, సంఘంలో సేవికలని పిలిచే ఇద్దరు బానిస స్త్రీలను చిత్రహింస పెట్టించాడు. మొత్తం విచారణలో తేలింది చాలా చిన్న విషయం. వాళ్లు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కలుసుకుంటున్నారు, క్రీస్తును దేవుడిగా స్తుతిస్తూ పాడుకుంటున్నారు, దొంగతనం, దోపిడీ, వ్యభిచారం చేయబోమనీ ఇచ్చిన మాట తప్పబోమనీ ప్రమాణం చేసుకుంటున్నారు. దీన్ని హద్దు మీరిన మూఢనమ్మకమని ప్లినీ ఈసడించుకున్నాడే తప్ప, నేరమని చెప్పదగ్గది ఒక్కటీ చూపలేకపోయాడు. చక్రవర్తి జవాబు క్లుప్తంగా వచ్చింది. వాళ్లను వెతికి పట్టుకోవద్దు, ఆకాశరామన్న ఉత్తరాలను లెక్కలోకి తీసుకోవద్దు, కానీ ఎవరైనా ఫిర్యాదు చేసి, అది రుజువైతే శిక్షించాలి, మన దేవతలను పూజించి కాదని నిరూపించుకుంటే వదిలిపెట్టాలి. జవాబు మెత్తగా కనిపించినా, శిక్ష పేరుకేనని అది తేల్చేసింది.

ఆ పేరు అంత చెడ్డదిగా మారడానికి వెనుక ఒక కథ ఉంది. క్రీ.శ. 64లో రోమ్ నగరం తగలబడినప్పుడు, ఆ నిప్పు పెట్టించింది నీరోయేనన్న పుకారును అణచడానికి ఆ చక్రవర్తి నేరాన్ని క్రైస్తవుల మీదికి నెట్టాడని చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. వాళ్లు నగరానికి నిప్పు పెట్టారని టాసిటస్ నమ్మినట్టు కనిపించదు, అయినా మానవజాతినే ద్వేషించేవాళ్లుగా వాళ్లు శిక్షకు తగినవారేనని అతడి అభిప్రాయం. నాకు ఇందులో అన్నిటికంటే భయం కలిగించేది ఈ వాక్యమే. ఆరోపణ అబద్ధమని తెలిసిన తరువాత కూడా, దాని కోసం తయారైన ద్వేషం అలాగే మిగిలిపోయింది.

తరువాతి తరంలో, రెండో శతాబ్దం మధ్యలో, జస్టిన్ అనే క్రైస్తవ పండితుడు ఆంటోనినస్ పయస్ చక్రవర్తికి ఒక విన్నపం సమర్పించాడు. వట్టి పేరును బట్టి మంచీ చెడూ తేలవనీ, మాలో ఎవరైనా దుర్మార్గం చేసినట్టు రుజువైతే దుర్మార్గుడిగా శిక్షించండి గాని క్రైస్తవుడిగా కాదనీ అతడి వాదన. ఇంతకంటే స్పష్టంగా ఈ విషయం చెప్పినవాళ్లు తక్కువ. అయితే అదే విన్నపంలో మరో మాట కూడా ఉంది. క్రీస్తు బోధించినట్టు నడుచుకోనివారు, నోటితో ఎంత చెప్పుకున్నా, క్రైస్తవులే కారని అతడు ప్రకటించాడు. అంటే, మతాన్ని దాని చెడ్డ అనుయాయులతో కొలిచే అలవాటుకు ఎదురుగా నిలిచిన తొలి వాదనల్లోనే, చెడ్డవాళ్లను జాబితాలోంచి కొట్టేసే అలవాటు కూడా ఉంది. అప్పటి నుంచి ఈ రెండూ జంటగానే నడుస్తున్నాయి. బయటివాళ్లు అందరినీ ఒకే గాటన కడతారు, లోపలివాళ్లు నేరం చేసినవాడు అసలు మనవాడే కాదంటారు.

నాలుగో శతాబ్దంలో క్రైస్తవం రాజ్యాధికారానికి దగ్గరైంది. నిన్నటి దాకా పేరుకే శిక్ష అనుభవించిన సమాజం, కొన్ని తరాలు గడిచేసరికి అదే కొలతను యూదుల మీద ప్రయోగించింది. క్రీస్తు మరణానికి కారకులన్న నింద ఆనాటి కొందరి మీద కాక, ఎన్నడూ జెరూసలేము ముఖం చూడని, వందల ఏళ్ల తరువాత పుట్టిన ప్రతి యూదుడి మీదా పడింది. 1348లో యూరప్‌ను మహమ్మారి ముంచెత్తినప్పుడు, యూదులు బావుల్లో విషం కలుపుతున్నారన్న పుకారు పుట్టింది, చిత్రహింసలతో చెప్పించిన ఒప్పుకోళ్లు దానికి రుజువులయ్యాయి. ఆ రోగం యూదులనూ చంపుతోందనీ, యూదులు ఒక్కరూ లేని చోట్ల కూడా వ్యాపిస్తోందనీ పోప్ క్లెమెంట్ VI ఆ ఏడాదే ఆదేశపత్రాల్లో గుర్తు చేశాడు. తర్కం తిరుగులేనిది, కానీ వినేవాళ్లు లేరు. 1349 ఫిబ్రవరి 14న స్ట్రాస్‌బర్గ్ నగరంలో వందలాది యూదులను తగలబెట్టారు. అప్పటికి ఆ రోగం ఆ నగరంలోకి అడుగే పెట్టలేదు.

ఇక్కడి దాకా చెప్పినవన్నీ లేని నేరాలే కాబట్టి వీటిని ఖండించడం తేలిక. నేరం నిజమైనదైనప్పుడే ఈ ప్రశ్న అసలైన పరీక్షకు నిలుస్తుంది. 1605 నవంబరు 5 తెల్లవారుజామున లండన్‌లో పార్లమెంటు భవనం కింది గదిలో 36 పీపాల తుపాకిమందు దొరికింది. దానికి కాపలాగా ఉన్న గై ఫాక్స్ పట్టుబడ్డాడు. కుట్రదారులు 13 మంది, నాయకుడు రాబర్ట్ కేట్స్‌బీ, అందరూ క్యాథలిక్కులు. ప్రొటెస్టెంట్ల పాలనలో తమ మతస్థులు పడుతున్న బాధలకు విరుగుడుగా రాజునూ పార్లమెంటునూ ఒకేసారి పేల్చేయాలన్నది నిజంగానే వాళ్ల పథకం. నాలుగు రోజుల తరువాత జేమ్స్ రాజు పార్లమెంటులో మాట్లాడుతూ, ఈ మతాన్ని పాటించేవారందరూ ఈ నేరానికి బాధ్యులు కారని చెప్పాడు. తన ప్రాణం మీదికి వచ్చిన వారంలోనే ఒక రాజు ఆ మాట అన్నందుకు అతణ్ణి గౌరవించాలి.

అయితే 1606లో వచ్చిన చట్టాలు మరో భాష మాట్లాడాయి. క్యాథలిక్కులకు ప్రత్యేకంగా విధేయతా ప్రమాణం పెట్టారు, న్యాయవాద వృత్తికీ వైద్య వృత్తికీ వాళ్లను దూరం చేశారు. ఆ కుట్ర నుంచి బయటపడినందుకు ఏటా నవంబరు 5న చర్చిల్లో కృతజ్ఞతా ప్రార్థనలు జరపాలని చట్టమే చేశారు, అది 1859 వరకు అమలులో ఉంది. పదముగ్గురి నేరాన్ని మరిచిపోనివ్వకుండా ఒక రాజ్యం 250 ఏళ్లకు పైగా పూనుకుని గుర్తు చేసిందన్న మాట. ఆ జ్ఞాపకమే 1678లో టైటస్ ఓట్స్‌కు అక్కరకొచ్చింది. రాజును చంపడానికి క్యాథలిక్కులు కుట్ర పన్నుతున్నారని అతడు అల్లిన కథ మొదటి నుంచి చివరి వరకు అబద్ధమే, కానీ ఒకప్పటి కుట్ర నిజం కాబట్టి జనం దీన్నీ నమ్మారు. 1681 వరకు అమాయకులు ఉరికంబాలెక్కారు, చివరివాడు ఐర్లండ్ ఆర్చిబిషప్ ఆలివర్ ప్లంకెట్. 1685లో ఓట్స్ అబద్ధపు సాక్ష్యం చెప్పాడని కోర్టు తేల్చింది. అయినా ఆ కలవరంలో క్యాథలిక్కులను పార్లమెంటులోకి రానివ్వకుండా 1678లో చేసిన చట్టం మాత్రం 1829 దాకా కదలలేదు.

రష్యాలో జరిగింది ఇంకా విడ్డూరం. 1881 మార్చిలో జార్ చక్రవర్తి అలెగ్జాండర్ II ను హత్య చేసిన విప్లవకారుల బృందంలో హెస్యా హెల్ఫ్‌మన్ అనే యూదు యువతి ఉంది. మిగతావారిని వదిలేసి ఆమె ఒక్కతే జనానికి గుర్తుండిపోయింది. ఏప్రిల్ నుంచే యూదుల ఇళ్ల మీద, దుకాణాల మీద దాడులు మొదలయ్యాయి, మరుసటి ఏడాది ప్రభుత్వం యూదుల మీదే కొత్త ఆంక్షలు విధించింది.

ఒక బృందంలో ఆ ఒక్క మనిషే ఎందుకు గుర్తుంటుంది అన్నదానికి 1976లో డేవిడ్ హామిల్టన్, రాబర్ట్ గిఫర్డ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ఒక ప్రయోగం దారి చూపింది. వాళ్లు పాల్గొన్నవారికి 39 వాక్యాలు చూపించారు, ఒక్కో వాక్యంలో ఒక మనిషి చేసిన ఒక పని ఉంటుంది. 26 వాక్యాలు ‘ఎ’ అనే గుంపువారివి, 13 ‘బి’ అనే గుంపువారివి. ‘ఎ’ వారి పనుల్లో 18 మంచివి, 8 చెడ్డవి. ‘బి’ వారి పనుల్లో 9 మంచివి, 4 చెడ్డవి. రెండు చోట్లా మంచికీ చెడుకూ ఉన్న పాలు సరిగ్గా ఒక్కటే. ఆ గుంపులకు పేరు లేదు, మతం లేదు, పాత పగలు లేవు. అయినా పాల్గొన్నవారు చిన్న గుంపును చెడ్డదిగా అంచనా వేశారు, చెడ్డ పనులను ఉన్నవాటికంటే ఎక్కువగా దాని ఖాతాలో వేశారు. తక్కువమంది ఉన్న గుంపు ఎలాగూ కళ్లకు ఆనుతుంది, అరుదుగా జరిగే చెడ్డ పని కూడా అలాగే ఆనుతుంది. రెండూ ఒక్కచోట కలిస్తే మనసు వాటిని విడదీయలేదు. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలునంటాం. ఒకే కుండలో, ఒకే నీటిలో, ఒకే మంట మీద ఉన్న మెతుకులకు ఆ లెక్క చెల్లుతుంది. కోట్లమంది మనుషులను ఒకే ఎసట్లో పోసినవాడెవడూ లేడు.

ప్రయోగశాలలో చూపిన పక్షపాతాన్ని వార్తలు మరింత పెంచుతాయి. 2006 నుంచి 2015 వరకు అమెరికాలో జరిగిన ఉగ్రవాద దాడులను పరిశీలించి 2019లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, దాడి చేసినవారు ముస్లింలైతే వార్తా కథనాలు సగటున 357 శాతం ఎక్కువ వచ్చాయని తేలింది. 1995 ఏప్రిల్ 19న ఓక్లహోమా నగరంలో బాంబు పేలి 168 మంది మరణించినప్పుడు, మొదటి గంటల్లో అనుమానపు వేలు పశ్చిమాసియా వైపే చూపింది. చేసినవాడు టిమోతీ మెక్‌వే, ఆ దేశపు సైన్యంలో పనిచేసిన తెల్లజాతి యువకుడని తేలాక, అతడు పుట్టి పెరిగిన మతాన్ని గురించిన చర్చ మొదలు కాలేదు. అంతకు నెల ముందు టోక్యో భూగర్భ రైళ్లలో సారిన్ విషవాయువు వదిలిన ఓం షిన్రిక్యో శాఖ బౌద్ధ బోధనలను వాడుకుంది, కానీ ప్రపంచం బౌద్ధులను అనుమానించలేదు. అనుమానించకపోవడమే న్యాయం. ఆ న్యాయం అందరికీ అందలేదు. అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ లెక్కల్లో ముస్లింలపై ద్వేషంతో జరిగిన ఘటనలు 2000లో 28 ఉండగా, 2001లో 481 అయ్యాయి. సెప్టెంబరు 11 దాడుల తరువాత నాలుగో రోజున అరిజోనాలోని మేసాలో ఒక పెట్రోలు బంకు యజమానిని తలపాగా చూసి కాల్చి చంపారు. ఆయన సిక్కు. పేరుకు శిక్ష వేయడం మొదలుపెట్టాక, ఆ పేరు ఎవరిదో సరిచూసుకునే ఓపిక కూడా ఉండదు.

ఇటువంటి ప్రతి ఘటన తరువాతా ఆ మతంవారు ఖండిస్తారా లేదా అన్న నిలదీత ఒకటి బయలుదేరుతుంది. మాట్లాడకపోతే సమర్థిస్తున్నట్టు, మాట్లాడితే గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకున్నట్టు. ఏ విధంగానూ నెగ్గలేని ఈ పరీక్షను, తాము ఎన్నడూ చూడని హంతకుడి కోసం, లక్షలాది మంది రాయవలసి వస్తుంది.

అలాగని మతాన్ని ఏ ప్రశ్నా అడగరాదని కాదు. 2002లో బోస్టన్ పత్రిక ఒకటి పిల్లలపై లైంగిక దాడులు చేసిన క్యాథలిక్ మతగురువులను పైవారు ఏళ్ల తరబడి ఒక చర్చి నుంచి మరో చర్చికి మార్చుతూ కాపాడారని బయటపెట్టింది, ఆ ఏడాది డిసెంబరులో కార్డినల్ బెర్నార్డ్ లా ఆర్చిబిషప్ పదవికి రాజీనామా చేశారు. అక్కడ ఫైళ్లున్నాయి, సంతకాలున్నాయి, తెలిసి దాచిన అధికారులున్నారు. ఆ బాధ్యత సంస్థది, ఆదివారం ప్రార్థనకు వెళ్లే సామాన్య భక్తుడిది కాదు. బోధనను కూడా నిలదీయవచ్చు, నిలదీస్తే మారనూ వచ్చు. 1965 అక్టోబరు 28న క్యాథలిక్ చర్చి జరిపిన రెండవ వాటికన్ మహాసభ, క్రీస్తు మరణానికి ఆనాటి యూదులందరినీ గాని నేటి యూదులను గాని బాధ్యులను చేయరాదని ప్రకటించింది. ఆ వాక్యం రావడానికి నాజీల చేతిలో 60 లక్షల యూదుల ప్రాణాలు పోవలసి వచ్చింది. 2000 మార్చి 12న పోప్ జాన్ పాల్ II గత పాపాలకు దేవుని క్షమాపణ వేడుకున్నప్పుడు, ఆ పాపాలు చర్చి బిడ్డలవే గాని చర్చివి కావన్నట్టుగా మాటలు కూర్చారు. చెడ్డవాళ్లను జాబితాలోంచి కొట్టేసే జస్టిన్ నాటి రెండో అలవాటు అక్కడ మళ్లీ వినిపిస్తుంది.

మన దేశంలో రెండు హత్యలను పక్కపక్కన పెట్టి చూడాలి. 1948 జనవరి 30న గాంధీజీని కాల్చి చంపినప్పుడు, హంతకుడు హిందువన్న సంగతిని ఆకాశవాణి తన ప్రకటనలోనే చేర్చింది. ముస్లింల మీదికి ఉప్పెనలా రాగల ప్రమాదాన్ని ఆ ఒక్క మాట ఆపింది. అయినా మహారాష్ట్ర ప్రాంతంలో గాడ్సే పుట్టిన చిత్పావన బ్రాహ్మణ కులంవారి ఇళ్లు తగలబడ్డాయి. మతం పేరు తప్పించుకుంటే కులం పేరు దొరికింది. 1984 అక్టోబరు 31న ఇందిరాగాంధీని ఆమె అంగరక్షకులైన ఇద్దరు సిక్కులు కాల్చి చంపారు. ఆ తరువాతి రోజుల్లో ఒక్క ఢిల్లీలోనే, ప్రభుత్వ లెక్క ప్రకారం, 2,733 మంది సిక్కులు హతమయ్యారు. ఆ ఇద్దరి పేరు తప్ప వాళ్లకు ఈ హత్యతో ఏ సంబంధమూ లేదు.

2005 ఆగస్టు 11న ప్రధాని మన్మోహన్ సింగ్ పార్లమెంటులో లేచి, ఆనాడు జరిగినదానికి సిగ్గుతో తల వంచుకుంటున్నానని, సిక్కు సమాజానికే కాక దేశం మొత్తానికి క్షమాపణ చెబుతున్నానని అన్నారు. అప్పటికి దాదాపు 21 ఏళ్లు గడిచాయి. ప్రభుత్వం తరఫున ఆ క్షమాపణ చెబుతున్నప్పుడు ఆయన తల మీద తలపాగా ఉంది.