నిమిషానికి ఎన్ని శ్వాసలు?

వైరల్ న్యుమోనియాతో పక్కపక్క మంచాల మీద ఇద్దరున్నారనుకుందాం. ఇద్దరికీ ముక్కు ద్వారా వేగంగా ఆక్సిజన్ పంపే హై ఫ్లో యంత్రంతో 60 శాతం ఆక్సిజన్ ఇస్తున్నారు. ఇద్దరి మానిటర్ల మీదా శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 92. చూడ్డానికి వచ్చినవాళ్లు ఇద్దరి పరిస్థితీ ఒకటే అనుకుంటారు. అయితే ఒకరు నిమిషానికి 24 సార్లు ఊపిరి తీసుకుంటున్నారు, రెండోవారు 36 సార్లు. ఆ 92ని నిలబెట్టుకోవడానికి రెండో మనిషి శరీరం చాలా ఎక్కువ కష్టపడుతోంది.

డాక్టర్లు దీన్ని రాక్స్ ఇండెక్స్ అనే చిన్న లెక్కలో పెడతారు. శాచురేషన్‌ని ఇస్తున్న ఆక్సిజన్ వాటాతో, అంటే ఇక్కడ 0.6తో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ శ్వాసల సంఖ్యతో భాగించాలి. మొదటివారికి సుమారు 6.4 వస్తుంది, రెండోవారికి 4.3. హై ఫ్లో మొదలుపెట్టాక 2, 6, 12 గంటలప్పుడు చూస్తే 4.88 గానీ, ఆ పైన గానీ ఉన్నవాళ్లు వెంటిలేటర్ దాకా వెళ్లే ప్రమాదం తక్కువ. తగ్గిందని వెంటనే గొట్టం వేసెయ్యరు గానీ, ఆ మంచం మీద ఓ కన్నేసి ఉంచుతారు.

శాచురేషన్ ఒక్కదాన్నే నమ్మితే ఏమవుతుంది? ధమని రక్తంలో ఆక్సిజన్ పీడనం 100 మిల్లీమీటర్ల (పాదరసం) నుంచి 70కి పడిపోయినా శాచురేషన్ సుమారు 97 నుంచి 94కే దిగుతుంది. పీడనం 60 అయినప్పుడు దాదాపు 90. అక్కడి నుంచి కిందికి మాత్రం జారుడే. ఊపిరితిత్తులు బాగా దెబ్బతినే దాకా వేలికి పెట్టిన క్లిప్ పెద్దగా గోల చెయ్యదన్నమాట. కోవిడ్‌లో ఇంకో తిరకాసు కూడా చూశాం: శాచురేషన్ 80ల్లోకి పడిపోయినా ఆయాసం తెలియక మామూలుగా మాట్లాడుతున్న రోగులు. అందుకే శాచురేషన్, శ్వాసల సంఖ్య రెండూ చూడాలి.

విచిత్రమేమిటంటే, శ్వాసల లెక్కకు పైసా ఖర్చు లేదు. నిమిషం పాటు నిలబడి ఛాతీ వంక చూస్తే చాలు. కానీ వార్డులో ఆ నిమిషమే దొరకదు. చార్టులు తిరగేస్తే మంచం తర్వాత మంచానికి 18, 20, 18, 20 అని ఉంటుంది. అంతమంది అంత క్రమశిక్షణగా ఊపిరి పీలుస్తారా?

రోగం తీవ్రతను కొలిచే స్కోర్లలో చాలావాటిలో శ్వాసల సంఖ్య ఉంటుంది. న్యుమోనియా కోసం 2003లో వచ్చిన కర్బ్-65లో అది 30 గానీ, ఆ పైన గానీ ఉంటే ఒక పాయింటు. మిగతావి తికమక, యూరియా, బీపీ, 65 ఏళ్లు లేదా ఆపై వయసు. ఫ్లూతో ఊపిరితిత్తులు దెబ్బతిన్న 35 ఏళ్ల మనిషికి ఇందులో వయసు పాయింటు పడదు, మొత్తం స్కోరు తక్కువే రావచ్చు. 2009 స్వైన్ ఫ్లూలో ఈ లోటు బాగా బయటపడింది. 2020లో బ్రిటన్‌లో కోవిడ్ కోసం తయారైన 4సీ స్కోరు ఎనిమిది అంశాలతో 0 నుంచి 21 వరకు పాయింట్లు ఇస్తుంది. పాత కర్బ్-65 కన్నా మెరుగే, కాకపోతే అది చెప్పేది ఆస్పత్రిలో చనిపోయే ప్రమాదం గురించి. రేపు ఎవరికి ఐసీయూ అవసరమవుతుందన్నది వేరే ప్రశ్న.

రక్తపరీక్షలూ సాయపడతాయి: లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు తగ్గడం, సీఆర్పీ (వాపుకు గుర్తు), ఎల్‌డీహెచ్ (కణాలు దెబ్బతిన్న గుర్తు), డీ-డైమర్ (రక్తం గడ్డకట్టే గుర్తు) పెరగడం. ఒక్కరోజు రిపోర్టు కన్నా రెండు మూడు రోజుల రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూస్తేనే ఎటు పోతోందో తెలుస్తుంది.

మరి ఇవన్నీ కంప్యూటర్‌కి ఇచ్చి నేర్పిస్తే? 1990ల్లో అమెరికాలో ఆ ప్రయత్నం జరిగింది. న్యుమోనియా రోగుల రికార్డుల నుంచి నేర్చుకున్న ఒక ప్రోగ్రామ్, ఆస్తమా ఉన్నవాళ్లకు చావు ప్రమాదం తక్కువ అని తేల్చింది! రికార్డుల్లో నిజంగానే అలా ఉంది. ఎందుకంటే ఆస్తమా ఉన్న మనిషికి న్యుమోనియా అనగానే డాక్టర్లు కంగారుపడి నేరుగా ఐసీయూకి పంపేవారు, అక్కడి వైద్యంతో వాళ్లు బతికేవారు. కంప్యూటర్‌కి కనిపించింది బతకడం మాత్రమే. దాని మాట విని ఎవరిని ఇంటికి పంపాలో తేల్చి ఉంటే, ముందుగా పంపేది ఆస్తమా వాళ్లనే.

ఆ పనిలో ఉన్న కంప్యూటర్ శాస్త్రవేత్త రిచ్ కరువానా బృందం, అన్నిటికన్నా బాగా అంచనా వేసిన న్యూరల్ నెట్‌వర్క్‌ని (లోపలి లెక్క బయటికి కనిపించని రకం ప్రోగ్రామ్) రోగుల మీద వాడకుండా పక్కన పెట్టేసింది. ఆస్తమా సంగతి బయటపడింది గానీ, బయటపడనివి లోపల ఇంకెన్ని ఉన్నాయో ఎవరు చూడగలరు? 2015లో కరువానా, మరికొందరు అదే రికార్డులతో ఇంకో రకం మోడల్ చేసి చూపించారు. అందులో ప్రతి అంశం ప్రమాదాన్ని ఎంత పెంచుతోందో, ఎంత తగ్గిస్తోందో గీతల్లో కనిపిస్తుంది. ఆస్తమా గీత తప్పుగా ఉందని డాక్టర్‌కి అనిపిస్తే, ఆ ఒక్కదాన్నీ చేత్తో సరిచేసుకోవచ్చు.