మండువా మింగే చప్పుడు

భోజనాల గది అనగానే అందరూ కంటికి కనిపించేవే మాట్లాడతారు: గోడల రంగు, బల్ల, దీపాలు. నా దృష్టిలో ఆ గది బాగోగులను ముందుగా తేల్చేది చెవి. నెల్లూరులో చేపల పులుసు పెట్టే ఏ మెస్‌లోనైనా మధ్యాహ్నం రద్దీవేళ కూర్చుని చూడండి. స్టీలు పళ్లేల మోత, కుర్చీలు జరిపిన కీచు, ‘అన్నా, ఇంకొంచెం పులుసు’ అనే కేక కలగలిసి, ఎదుటి మనిషి మాట కూడా వినిపించదు.

జనం ఎక్కువ కావడం ఒక్కటే దీనికి కారణం కాదు. టైల్సు, గ్రానైటు, సిమెంటు కప్పు తమ మీద పడిన శబ్దంలో నూటికి ఒకటి రెండు పాళ్లే పీల్చుకుంటాయి. మిగిలినదంతా గదిలోకే తిరిగి వస్తుంది. అసలు శబ్దం ఆగిపోయాక కూడా ఇలా గదిలో తచ్చాడే దాన్ని ప్రతినాదం అంటారు. పైగా చుట్టూ రొద పెరిగేకొద్దీ మనకు తెలియకుండానే గొంతు పెంచుతాం. ఫ్రెంచి వైద్యుడు ఎతియెన్ లొంబార్ 1911లోనే ఈ సంగతి చెప్పాడు. ఒక బల్లవాళ్లు గొంతు పెంచితే పక్క బల్లవాళ్లకూ పెంచక తప్పదు.

ప్రతినాదానికి లెక్క కట్టినవాడు హార్వర్డ్ ఆచార్యుడు వాలెస్ సబైన్. మాట అర్థం కాని ఒక ఉపన్యాస మందిరాన్ని బాగుచేసే పని 1895లో ఆయనకు అప్పగించారు. మరో నాటకశాల నుంచి కుర్చీల మెత్తలు రాత్రిపూట తెప్పించి పరిచాడు. ఆర్గన్ గొట్టం మోగించి, శబ్దం పూర్తిగా అణగడానికి ఎన్ని సెకన్లు పడుతోందో కొలిచాడు. పీల్చుకునే శక్తికి ఆయన ఎంచుకున్న కొలమానం నాకు ఎంతో నచ్చింది: తెరిచిన కిటికీ. బయటికి పోయిన శబ్దం తిరిగి రాదు కాబట్టి నూటికి నూరు పాళ్లూ మింగినట్టే.

ఆ కొలతతో చూస్తే పాత మండువా ఇంటి నడుమ ఉన్నది ఆకాశంలోకి తెరిచిన పెద్ద కిటికీ. దాని చుట్టూ వసారాలో పీటలు వాల్చి, విస్తళ్లు పరిచి బంతి భోజనాలు పెట్టేవారు. 6 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న నున్నటి ఖాళీ గదిని మూసి ఉంచితే, సబైన్ సూత్రం ప్రకారం ప్రతినాదం దాదాపు 6 సెకన్లు. కప్పులో 3 మీటర్లకు 2 మీటర్ల మండువా తెరిస్తే అది సుమారు 1.7 సెకన్లకు దిగుతుంది. వెలుతురు కోసం, గాలి కోసం పెట్టుకున్నదే అయినా చెవికి అది చేసిన మేలు తక్కువది కాదు.

ఇప్పటి బల్లల్లో చీమకుర్తి నల్లరాయి అందం వేరు. గ్రానైటని అమ్ముతారు గానీ శాస్త్రం ప్రకారం అది గాబ్రో అనే మరో జాతి రాయి. అందులోని బంగారు చుక్కలు బ్రాంజైట్ ఖనిజపు రేకులు. తల కాస్త వంచితే కొన్ని ఆరిపోతాయి, కొన్ని కొత్తగా మెరుస్తాయి. అంత అందమైన రాయీ చప్పుడును మాత్రం మింగదు.

రొద నాలుకనూ వదలదు. కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో విమానంలో ఉండేంత మోత వినిపిస్తూ రుచులు చూపించారు. తీపి తగ్గినట్టు అనిపించింది, పులుపులో తేడా రాలేదు. ఆ లెక్కన మెస్ గోలలో పులుసు పులుపు నిలబడుతుంది, ఆఖర్న తినే మలై కాజాకే నష్టం.

దీనికి బల్లలు మార్చనవసరం లేదు. కూర మరకలు అంటని చోటు కప్పు. అక్కడ శబ్దంలో 70 శాతం పీల్చే పలకలు బిగిస్తే, మండువా లేకపోయినా ఇందాక లెక్కేసిన గదిలో ప్రతినాదం సుమారు 0.6 సెకన్లకు పడిపోతుంది.